నిబ్బరంగా చెప్పే మాట: రాయపురం పనిచోట్లకు ఒక పాఠం

రాయపురంలో తెల్లవారకముందే హాజరు వేయించుకొని వీధుల్లోకి దిగే ఒక పారిశుధ్య బృందాన్ని ఊహించుకోవచ్చు. అందులో నెల్లూరు వైపు నుంచి వచ్చి మూడు నెలలైనా నిండని ఒక స్త్రీ ఉన్నది. ఆమె గ్లౌజులు చిరిగిపోయాయి. వచ్చీరాని తమిళంలో సూపర్‌వైజరును కొత్త జత అడిగింది. ఆయన హాజరు పుస్తకం నుంచి తల ఎత్తకుండానే "అవసరం ఇల్లేమ్మా" అన్నాడు. తెలుగు చెవికి ఆ మాట "అక్కరలేదు" అని వినిపించింది. ఆమె మారు మాట్లాడలేదు. తమిళంలో 'అవసరం' అంటే తొందర. ఆయన చెప్పదలచినది "తొందర లేదు, తర్వాత చూద్దాం" అని మాత్రమే. ఆమె మళ్లీ అడగలేదు కనుక జత అందే ఉంటుందని ఆయన అనుకొన్నాడు. తన చేతుల సంగతి ఎవరికీ పట్టదని ఆమె అనుకొన్నది. మూడో వారంలో సీసా పెంకు అరచేతిలో దిగింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ కోపపడలేదు. అయినా చేయి తెగింది.

ఈ పాఠం అటువంటి చోట మాట ఎలా సాగాలన్నదాని గురించినది. పనిచోట మనుషులు మాట్లాడే తీరు సాధారణంగా మూడు విధాలుగా ఉంటుంది. ఒకటి, అణగిపోవడం: కావలసినది ఉన్నా నోరు మెదపకపోవడం, లేదా వినిపించీ వినిపించనట్టు అడిగి ఊరుకోవడం. రెండవది, ఎగిరిపడటం: కడుపులో దాచుకొన్నదంతా ఒకనాడు ఒక్కసారిగా కుమ్మరించడం. చాలామంది నెలల తరబడి మొదటి విధంగా ఉండి, ఒక ఉదయం రెండవ విధానికి దూకుతారు. మధ్య మెట్టు వారికి అలవాటు లేదు. ఆ మధ్య మెట్టే నిబ్బరం. తన హక్కును వదులుకోకుండా, ఎదుటివారి గౌరవాన్ని తీయకుండా, ఉన్నదున్నట్టు చెప్పి, కావలసినది అడగటాన్ని ఇక్కడ నిబ్బరం అంటున్నాం.

మనస్తత్వ శాస్త్రంలో దీనిని నేర్పదగిన విద్యగా చూడటం ఇరవయ్యో శతాబ్దపు మధ్య భాగంలో మొదలైంది. అమెరికాలో ఆండ్రూ సాల్టర్ 1949లోనూ, తరువాత జోసెఫ్ వోల్పే కూడా, బెదురును అభ్యాసంతో పోగొట్టవచ్చునని రాశారు. 1970లో రాబర్ట్ ఆల్బర్టీ, మైఖేల్ ఎమన్స్ దీనిపై రాసిన పుస్తకం సామాన్య పాఠకుల చేతికి అందింది. వీరి బోధనలో ముఖ్యమైన అంశం ఒక్కటే: నిబ్బరం పుట్టుకతో వచ్చే గుణం కాదు, సైకిల్ తొక్కడం వంటి అలవాటు. అయితే ఈ పుస్తకాలు రాకముందే ఉత్తర చెన్నై శ్రామికులు ఈ విద్యను తమ పద్ధతిలో అభ్యసించారు. ఆ కథ రాయపురానికి పడమరగా, పెరంబూరులో జరిగింది.

అరగంట కథ

బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులు పెరంబూరులో వేలమందికి పని ఇచ్చేవి. యాజమాన్యం బిన్నీ కంపెనీది. మధ్యాహ్న భోజనానికి అరగంట విరామం ఉండేది. ఆ అరగంటలోనే గేటు దాటి రావాలి, చేతులు కడుక్కోవాలి, తినాలి, తిరిగి యంత్రం దగ్గర నిలబడాలి. ఆ ప్రాంతంలో చిన్న వ్యాపారాలు చేసుకొనే జి. సెల్వపతి శెట్టి, జి. రామానుజులు నాయుడు అనే ఇద్దరు మిత్రులకు కార్మికులతో నిత్యం పరిచయం ఉండేది. సగం తిన్న అన్నం వదిలి పరుగెత్తే మనుషులను వారు రోజూ చూశారు, వారి గోడు విన్నారు. 1918లో వారు బి.పి. వాడియాను కలిసి ఈ సంగతి చెప్పారు. ఆ ఏడాది ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. భారతదేశంలో క్రమపద్ధతిలో ఏర్పడిన తొలి కార్మిక సంఘంగా దానికి పేరు.

ఈ పాఠానికి కావలసినది సంఘం పుట్టుక కంటే, కోరిక రూపం. విరామాన్ని పెంచాలన్నది వారు ముందుకు తెచ్చిన తొలి కోరికల్లో ఒకటి. అరగంటను నలభై నిమిషాలు చేయమన్నారు. మిల్లులో బాధలు అంతకంటే పెద్దవి చాలా ఉండేవి: కూలి, యుద్ధకాలపు ధరలు, పై అధికారుల తిట్లు, దెబ్బలు. కాని "మమ్మల్ని మనుషులుగా చూడటం లేదు" అన్న మాటకు యజమాని "చూస్తున్నాం" అని జవాబు చెప్పి ముగించగలడు. "భోజనానికి పది నిమిషాలు ఎక్కువ కావాలి" అన్న మాటకు అటువంటి జవాబు చెల్లదు. గడియారం అందరికీ కనిపిస్తుంది. ఇస్తామనాలి, లేదా ఎందుకు ఇవ్వమో చెప్పాలి. లెక్కకు అందే కోరిక ఎదుటివారిని తప్పించుకోనివ్వదు, అదే సమయంలో అవమానించదు కూడా.

తరువాతి సంవత్సరాలు తేలికగా గడవలేదు. మిల్లుకు తాళాలు పడ్డాయి, సమ్మెలు జరిగాయి, కంపెనీ వాడియాపై మద్రాసు హైకోర్టులో దావా వేసి నిషేధపు ఉత్తర్వు తెచ్చుకొన్నది. కార్మికుల తరఫున మాట్లాడటమే నేరమవుతుందా అన్న ప్రశ్న దేశమంతటా లేచింది. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం రావడానికి ఆ దావా ఒక కారణమైంది. నిబ్బరంగా అడిగినంత మాత్రాన అడిగినది దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. దొరకనప్పుడు తరువాతి మెట్టు ఏమిటో తెలిసి ఉండటం కూడా ఈ విద్యలో భాగమే.

రెండు భాషల నడుమ

రాయపురం, కాసిమేడు, పాత చాకలిపేట ప్రాంతాల్లో తెలుగువారు ఒకే తరహావారు కారు. తాతల కాలంలో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి పారిశుధ్య పనిలో స్థిరపడిన కుటుంబాలున్నాయి. వారి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుతారు. శ్రీకాకుళం తీరం నుంచి కాసిమేడు పడవల మీదికి వచ్చేవారున్నారు. ఎం.సి. రోడ్డు బట్టల దుకాణాల్లోనూ, హార్బరు గోదాముల్లోనూ పనిచేసేవారున్నారు. మొదటివారికి తమిళం పుట్టిన భాషతో సమానం. మిగిలినవారికి అది పనిచోట విని నేర్చుకొన్న భాష. కష్టమైన మాట చెప్పవలసి వచ్చినప్పుడు ఈ తేడా గట్టిగా బయటపడుతుంది. కూరగాయల బేరానికి సరిపోయే తమిళం, పై అధికారితో అభ్యంతరం చెప్పడానికి సరిపోదు.

తెలుగులో "చేయలేను", "చేయను" అన్నవి వేరువేరు మాటలు, తమిళంలోనూ అంతే. "ముడియాదు" అంటే సాధ్యం కాదు, "మాట్టేన్" అంటే ఒప్పుకోను. కొత్తగా నేర్చినవారు ఒకదాని బదులు ఒకటి వాడుతారు. ఒంట్లో బాగాలేక రెండో షిఫ్టు చేయలేని మనిషి "మాట్టేన్" అంటే, వినేవారికి అది తిరుగుబాటుగా తోస్తుంది. "ముడియాదు" కూడా ఒంటరిగా, గొంతు పెంచి అంటే మొండితనంగానే వినిపిస్తుంది. పక్కన కారణం ఒక్కటి చేరితే చాలు, మాట మెత్తబడుతుంది: "ఉడంబు సరియిల్లే సార్, ఇన్నైక్కు ముడియాదు." అలాగే తమిళంలో 'నీ'కు, 'నీంగ'కు మధ్య ఉన్న దూరం మన 'నువ్వు', 'మీరు'ల మధ్య ఉన్నంతే. తమిళం రాని మనిషి 'వా', 'పో' అన్నప్పుడు అగౌరవం ఉద్దేశం కాదని వినేవారు గుర్తించాలి; పలికేవారు 'వాంగ', 'పోంగ' అనే రెండు మాటలైనా మొదటి వారంలోనే నేర్చుకోవాలి. ఈ రెండు చిన్న మాటలు ఆపగలిగిన తగాదాలు ఎన్నో.

అర్థం కానప్పుడు తల ఊపి వచ్చేయడం మనవారిలో ఎక్కువ. ఇది మర్యాద అనుకొంటారు. నిజానికి ఇది ప్రమాదం. విన్న మాటను తన మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవడం మేలైన అలవాటు. గ్లౌజుల కథలో ఆ స్త్రీ "వద్దంటున్నారా సార్, లేక రేపు ఇస్తారా?" అని, ఏ భాషలోనైనా, ఒక్క ప్రశ్న వేసి ఉంటే చేయి తెగేది కాదు. తెలుగు, తమిళం రెండూ బాగా తెలిసిన పాత కుటుంబాలవారు ఇటువంటి చోట పక్కన నిలబడటం గొప్ప సాయం. అయితే వారు మాటను మార్చకూడదు, మెత్తపరచకూడదు, తమ అభిప్రాయం కలపకూడదు. "అక్క అడుగుతున్నది ఇది" అని ఉన్నదున్నట్టు చెప్పాలి.

మాటను కట్టే పద్ధతి

కష్టమైన మాటను ముందుగా మనసులో కూర్చుకోవడం తప్పు కాదు. కంటికి కనిపించినదానితో మొదలుపెట్టడం ఉత్తమం. "మీరు మమ్మల్ని పట్టించుకోరు" అన్నది తీర్పు. "గ్లౌజులు చిరిగి మూడు రోజులైంది" అన్నది చూపించగల విషయం. తరువాత దాని వల్ల ఏమవుతున్నదో ఒక వాక్యం: "నిన్న మేకు గుచ్చుకొన్నది." ఆపైన కోరిక: "కొత్త జత కావాలి." చివర గడువు: "రేపు ఉదయం హాజరు వేళకు అందుతుందా?" ఇంతే. ఈ నాలుగు మాటలకు అర నిమిషం పట్టదు. వీటిలో ఎక్కువమంది మరచిపోయేది చివరిది. గడువు లేని కోరికకు "చూద్దాం" అన్న జవాబు వస్తుంది, "చూద్దాం"కు అంతం ఉండదు.

ఇందులో పాత లెక్కలు కలపకూడదు. గ్లౌజుల సంగతి చెబుతూ పోయిన దీపావళికి ఇవ్వని సెలవును, ఎవరో అన్న మాటను, మరొకరికి ఇచ్చిన తేలిక వీధిని కూడా తవ్వితే, ఎదుటివారు వాటిలో సులువైనదానికి జవాబు చెప్పి అసలు సంగతిని దాటవేస్తారు. ఒక మాటకు ఒక రోజు చాలు. వేళ కూడా ముఖ్యమే. లారీ బయలుదేరే హడావిడిలో, పదిమంది ముందు అడిగితే, ఇవ్వాలనుకొన్నవాడు కూడా పరువు కోసం కాదంటాడు. "సార్, పని అయ్యాక అయిదు నిమిషాలు మాట్లాడాలి" అని ముందే చెప్పి ఉంచితే ఇద్దరూ సిద్ధంగా ఉంటారు.

తోటివారితో మాట్లాడటం పై అధికారితో మాట్లాడటం కంటే కష్టమని చాలామంది అనుభవం. రోజూ ఆలస్యంగా వచ్చే సహచరుడి వాటా పనిని చేసే మనిషి "అన్న కదా" అని ఊరుకొంటాడు. అన్నా, అక్కా, వదినా అన్న వరుసలు పనిచోట మనుషులను దగ్గర చేస్తాయి, అదే సమయంలో నోటికి తాళం కూడా వేస్తాయి. వరుసను వదలనక్కరలేదు. "అన్నా, ఈ వారంలో నాలుగు రోజులు నీ వీధి చివర కూడా నేనే ఊడ్చాను. నా పిల్లను బడికి పంపే వేళ దాటిపోతున్నది. రేపటి నుంచి ఆరింటికల్లా వస్తావా, లేక మేస్త్రీతో చెప్పి వేళ మార్పించుకొందామా?" ఇందులో వరుస ఉంది, లెక్క ఉంది, ఎదుటివాడికి తలవంపు లేని దారి ఉంది.

రెండోసారి చెప్పడం

ప్రాణానికి సంబంధించిన చోట ఒక్కసారి చెప్పి ఊరుకోవడం చాలదు. 1977 మార్చి 27న టెనెరీఫ్ ద్వీపపు విమానాశ్రయంలో, పొగమంచులో, రెండు పెద్ద విమానాలు నేల మీదనే ఢీకొని 583 మంది మరణించారు. ఒక విమానం ఎగరడానికి పరుగు మొదలుపెట్టినప్పుడు, అందులోని ఫ్లైట్ ఇంజనీరుకు ఎదుటి విమానం ఇంకా దారిలోనే ఉన్నదేమోనన్న సందేహం వచ్చింది. అడిగాడు. అనుభవజ్ఞుడైన కెప్టెన్ గట్టిగా కాదన్నాడు. ఇంజనీరు మళ్లీ అడగలేదు. ఇటువంటి ప్రమాదాల తరువాతనే విమాన సిబ్బందికి, చిన్నవారు పెద్దవారికి ఎదురు చెప్పడం, పెద్దవారు దానిని వినడం శిక్షణలో భాగమయ్యాయి. తరువాత ఆసుపత్రుల శస్త్రచికిత్స గదులు కూడా ఆ పద్ధతిని అందుకొన్నాయి. ప్రమాదం కనిపిస్తే కనీసం రెండుసార్లు చెప్పాలి. రెండోసారి మరింత స్పష్టంగా చెప్పాలి. అప్పటికీ వినకపోతే పని ఆపి పైవారికి తెలపాలి. ఆ శిక్షణలోని సూత్రం ఇదే.

రాయపురంలో ఈ సూత్రానికి కాక్‌పిట్ అక్కరలేదు. ఒక మాన్‌హోలు చాలు. లేదా ఒక అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకు.

అటువంటి ట్యాంకులో పేరుకొనే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు గాలి కంటే బరువైనది, అడుగున నిలుస్తుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగినప్పుడు ముక్కు ఆ వాసనను పట్టలేకపోతుంది. వాసన పోయింది కనుక గాలి బాగున్నదని దిగినవాడు అక్కడే పడిపోతాడు. పైనున్నవాడు తాడు లేకుండా రక్షించడానికి దిగి రెండవవాడవుతాడు. 1993 నుంచి నమోదైన మురుగు మరణాల లెక్కల్లో తమిళనాడు పై వరుసలో ఉన్నది. ప్రతి ఒక్కరి వెనుకా "ఈ ఒక్కసారికి దిగు" అన్న మాట ఉండి ఉంటుందని ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

2013 నాటి చట్టం మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని నిషేధించింది. ప్రభుత్వ సంస్థ అయినా, కాంట్రాక్టరు అయినా, ఇంటి యజమాని అయినా ఒకటే. తొలి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇటువంటి మరణాలకు కుటుంబానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచింది. ఈ లెక్కలు తెలిసిన మనిషి మాట వేరుగా ఉంటుంది.

కాంట్రాక్టరు మనిషి అయిదు వందల నోటు చూపించి "పది నిమిషాల పని" అన్నప్పుడు సంభాషణ ఇలా నడవవచ్చు. మొదటిసారి: "లోపల గాలి ఉంది సార్. యంత్రం తెప్పించండి, గొట్టం నేను పట్టుకొంటాను." ఇది పనిని కాదనడం కాదు, దిగడాన్ని మాత్రమే కాదనడం. ఆయన "ఇంతకుముందు దిగినవాళ్లు లేరా?" అంటాడు. వాదనకు దిగనక్కరలేదు. రెండోసారి: "నేను దిగను సార్. దించడం చట్టప్రకారం నేరం. మీకే కేసు అవుతుంది." గొంతు పెరగకూడదు, కాళ్లు కదలకూడదు. ఆపైన "రేపటి నుంచి రావద్దు" అన్న బెదిరింపు రావచ్చు. ఈ పుస్తకం చదివే ఎవరూ ఆ బెదిరింపును చిన్నదిగా చూడరు. అద్దె, బడి ఫీజు, ఊరికి పంపే డబ్బు దాని మీద ఆధారపడి ఉంటాయి. అందుకే ఈ మాటను ఒంటరి మనిషి మీద వదలకూడదు. "మాలో ఎవరమూ దిగం" అని బృందం ముందుగానే, ఏ ట్యాంకూ ఎదుట లేని రోజున, ఒప్పందానికి వచ్చి ఉండాలి. ట్యాంకు మూత తీసిన తరువాత ఆలోచన మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

వినేవారి వంతు

మేస్త్రీలు, సూపర్‌వైజర్లు కూడా ఈ పాఠానికి విద్యార్థులే. బృందం మౌనంగా ఉన్నది కనుక అంతా బాగున్నదనుకోవడం వారిలో ఎక్కువగా కనిపించే పొరపాటు. "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అందరినీ కలిపి అడిగితే "లేవు సార్" అన్నదే జవాబు. "నీ గ్లౌజులు చూపించు" అంటే నిజం చేతిలోకి వస్తుంది. వారానికి ఒకసారి హాజరు తరువాత పది నిమిషాలు కేటాయించి, అందరికంటే కొత్తగా చేరిన మనిషిని ముందు మాట్లాడించడం మంచి పద్ధతి. పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవారు వారి మాటనే తిరిగి చెబుతారు. అభ్యంతరం విన్నప్పుడు వెంటనే సంజాయిషీ చెప్పకుండా, "నువ్వు చెప్పింది ఇదేనా?" అని తిరిగి చెప్పి, ఏ రోజుకు జవాబు ఇస్తారో చెప్పాలి. ఇవ్వలేనిదైతే ఇవ్వలేనని చెప్పడం మేలు. కాదన్న జవాబును మనుషులు భరిస్తారు, జవాబు లేకపోవడాన్ని భరించలేరు.

బృందంలో అభ్యాసానికి జంటలు చాలు. ఒకరు కార్మికురాలిగా, ఒకరు సూపర్‌వైజరుగా నిలబడి, నిజంగా జరిగిన ఒక సంగతిని అయిదు నిమిషాలు నటిస్తారు. తరువాత పాత్రలు మార్చుకొంటారు. మొదటిసారి అందరూ నవ్వుతారు. నవ్వనివ్వాలి. రెండోసారికి గొంతు స్థిరపడుతుంది. పాత్ర మారి సూపర్‌వైజరుగా నిలబడినప్పుడు, పదిమంది పది రకాలుగా అడుగుతుంటే ఎలా ఉంటుందో కూడా అర్థమవుతుంది.

మాటకు వెనుక నిలిచేవి

కొన్ని కోరికలకు చట్టం ఇప్పటికే అండగా ఉన్నది, అడగటమే మిగిలింది. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చోవడానికి ఆసనం ఉండాలని తమిళనాడు 2021లో తన దుకాణాల చట్టాన్ని సవరించింది. ఎం.సి. రోడ్డులో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపే అమ్మాయి "కాళ్లు నొప్పి" అని ప్రాధేయపడనక్కరలేదు, "గిరాకీ లేని వేళ కూర్చోవడానికి స్టూలు ఎక్కడ వేసుకోవాలి సార్?" అని అడగవచ్చు. లైంగిక వేధింపుల విషయంలో మాత్రం ముఖాముఖి సంభాషణను నిబ్బరానికి పరీక్షగా చూడరాదు. ఎదురుగా నిలబడి చెప్పడం ఆమె ఇష్టం, బాధ్యత కాదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. తక్కువమంది ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి చెప్పవచ్చు. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. రాయడం రానివారికి రాసుకోవడంలో సాయం చేయవలసిన బాధ్యత కమిటీదే. మహిళల సహాయానికి 181, ఉచిత న్యాయ సహాయానికి 15100, కార్పొరేషన్ ఫిర్యాదులకు 1913 నంబర్లున్నాయి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

మాట ఒక మనిషి స్థాయిని దాటే సందర్భాలూ ఉన్నాయి. 2025 ఆగస్టు తొలి పక్షంలో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుధ్య కార్మికులు, తమ పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ రిపన్ భవనం ఎదుట పగలూ రాత్రీ కూర్చొన్నారు. ఆగస్టు 13 రాత్రి పోలీసులు వారిని అక్కడి నుంచి తొలగించారు. ఆ వివాదపు మంచిచెడ్డలు ఈ పాఠం పరిధిలోనివి కావు. వీధి మొదట్లో గ్లౌజులు అడిగే మాటకూ, భవనం ఎదుట అడిగే మాటకూ కావలసిన ముడిసరుకు మాత్రం ఒకటే: ఏం జరిగింది, ఏ తేదీన, ఎవరికి చెప్పారు, ఏ జవాబు వచ్చింది.

అందుకు ప్రతి బృందం ఒక నలభై పేజీల నోటు పుస్తకం పెట్టుకోవాలి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. అడిగిన తేదీ, అడిగిన వస్తువు, విన్నవారి హోదా, ఇచ్చిన గడువు అందులో ఉండాలి. రాయగలిగిన పిల్లవాడు ఇంట్లో ఉంటే సాయంత్రం వాడి చేత రాయించవచ్చు.